ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర తోట

కడప పట్టణం ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు గ్రంథాలయం ఉన్న చోట ఒకప్పుడు పెద్ద తోట, అందులో ఒక బంగళా ఉండేవి. తెలుగు పుస్తకాలకు మళ్లీ ప్రాణం పోసింది ఆ బంగళాలోనే. దాని యజమాని చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. తండ్రి మతగురువు. 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరి అక్కడే తెలుగు అక్షరాలు దిద్దారు. 1820లో కలెక్టరు కింద సహాయకుడుగా కడపకు వచ్చారు. రైతులు, కరణాలు కచేరీకి వచ్చి చెప్పుకునే మాట అర్థమైతే తప్ప పని జరిగేది కాదు. అలా అవసరానికి మొదలైన తెలుగు ఆయనకు జీవితకాలపు వ్యాపకమైపోయింది.

తరువాత మచిలీపట్నం బదిలీ అయ్యారు. అక్కడ 1824లో ఆయన దృష్టి వేమన పద్యాలపై పడింది. పల్లెజనం నోట ఆడుతున్నా పండితులు పెద్దగా లెక్కచేయని పద్యాలవి. ఊరూరా ప్రతులు తెప్పించి, 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు.

1826లో మళ్లీ కడపకు వచ్చిన బ్రౌన్ ఈ బంగళాను, తోటను కొన్నారు. తోట పదిహేను ఎకరాలనీ, వెల మూడు వేల వరహాలనీ చెబుతారు. ఆవరణలోనే పండితులకు, లేఖకులకు వసతి కల్పించి, సొంత డబ్బుతో జీతాలిచ్చారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. పాఠాలు చెప్పని కాలేజీ అది. చెదలు తిన్న తాటాకు ప్రతులను నాలుగైదు చోట్ల నుంచి తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, తేడాలు గుర్తించి, తప్పులు దిద్ది, కాగితంపై శుభ్రంగా రాయడమే అక్కడి పని. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆయన దగ్గర పనిచేశారు. కడపలో అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ఆయనకు ఎక్కడికి బదిలీ అయినా ఈ పని ఆగలేదు. జీతం చాలక అప్పులు కూడా చేశారు.

1833లో గుంటూరు కరువును కళ్లారా చూశారు. పైవారికి నచ్చకపోయినా తన నివేదికలో దాన్ని కరువనే రాశారు. అందుకు మందలింపు కూడా పడ్డారు.

1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. బజారు మాటలకు, సేద్యపు మాటలకు కూడా ఆ నిఘంటువులో చోటు దొరికింది. పోగుచేసిన వేలాది ప్రతులను మద్రాసులోని సాహిత్య సంఘానికి ఇచ్చేశారు. అవి నేటికీ చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. పెళ్లి చేసుకోని బ్రౌన్ 1855లో ఇంగ్లండు వెళ్లిపోయారు. లండన్‌లో తెలుగు ఆచార్యుడుగా ఉండి, 1884 డిసెంబరు 12న కన్నుమూశారు.

ఇతరుల పుస్తకాలను చెదల నుంచి కాపాడిన మనిషి ఇంటికి మాత్రం కాపు లేకపోయింది. తోట పోయింది. బంగళా కూలి మొండిగోడలు మిగిలాయి. వాటి మధ్య ముళ్లకంపలు మొలిచాయి. బంగోరె, ఆచార్య జి.ఎన్. రెడ్డి వంటి పరిశోధకులు బ్రౌన్ రాతలను వెలికితీశాక అందరికీ ఆ గోడలు గుర్తుకొచ్చాయి. కడప వాసి జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఊరూరా తిరిగి, పెద్దలను, అధికారులను కలిసి, చందాలు పోగుచేశారు. 1987లో ఆ స్థలంలోనే గ్రంథాలయానికి శంకుస్థాపన జరిగింది. 1995లో అది పాఠకులకు అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి చేరింది. వేమనను అచ్చుకెక్కించిన దొర స్థలం చివరికి వేమన పేరున్న విద్యాలయం చేతికే రావడం విశేషం.

గ్రంథాలయంలో తాటాకు ప్రతులను సేకరించి భద్రపరుస్తున్నారు. మన ఊళ్ల చరిత్ర చెప్పే మెకంజీ కైఫీయత్తులనూ అచ్చు వేశారు. జిల్లాలో ఇంకా ఎన్నో ఇళ్లలో, అటకల మీద, తాతల నాటి తాటాకు కట్టలు ఉండకపోవు. అవి పొయ్యిలోకో, చెదలకో పోకముందే ఆ గడప చేరితే, బ్రౌన్ తోటలో మొదలైన పని ఇంకా సాగుతున్నట్టే.