హ్యూము దొర పక్షులు

అలన్ ఆక్టేవియన్ హ్యూము పేరు మన సభ్యులకు కొత్తది కాదు. 1885లో కాంగ్రెసు మహాసభను నెలకొల్పినవారిలో ముఖ్యుడని పాఠశాలలోనే చదివియున్నాము. కాని ఆయన మనబోటి సెక్రటేరియట్ ఉద్యోగియే యనియు, కచేరీపని పోను మిగిలిన కాలమును పక్షులకే ధారపోసెననియు ఎరిగినవారు తక్కువ.

1829లో ఇంగ్లండున జన్మించి, 1849లో బెంగాలు సివిల్ సర్వీసునందు ప్రవేశించెను. ఎటావా జిల్లాలో ఉచిత పాఠశాలలు స్థాపించెను. అచట కూర్చుకొన్న తొలి పక్షిసంచయము 1857 తిరుగుబాటులో నాశనమయ్యెను. మరల మొదటినుండి ప్రారంభించెను. 1867 మొదలు 1870 వరకు సుంకముల కమిషనరుగా ఉప్పు సుంకపు ముళ్లకంచె వెంబడి తిరుగవలసివచ్చినపుడు, అందరును విసుగుపడు ఆ సంచారమునే పక్షిపరిశీలనకు వినియోగించుకొనెను.

1871లో రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్యశాఖకు సెక్రటరీ యయ్యెను. వేసవికి ముందే ప్రభుత్వము సిమ్లాకు తరలుట ఆనాటి పద్ధతి. జాకో కొండమీది ఆయన భవనము రోత్నీ క్యాసిల్ ఒక పక్షిశాలగా మారెను. వసంతమున ఆ కొండలపై రోడోడెండ్రాను చెట్లు ఎర్రగా పూయును. చలికి దిగువకు పోయిన పిట్టలు తిరిగి మీదికి వచ్చి గూళ్లు కట్టును. హ్యూమునకు కావలసినది అందమైన వర్ణన కాదు, లెక్క. గూడు నేలకెంత ఎత్తున నున్నది, గ్రుడ్లెన్ని, ఏ మాసమున కనబడినవి, కంటిరంగు కాలిరంగు ఎట్టివి? ప్రాణము పోయిన పిదప ఆ రంగులు మారిపోవును గనుక వెంటనే వ్రాసికొనవలెను. అడవి శాఖలోను సైన్యములోను ఉన్న ఔత్సాహికులు దేశము నలుమూలలనుండి ఇట్టి వివరములు పంపుచుండిరి. వాటిని ప్రకటించుటకు 1872లో ‘స్ట్రే ఫెదర్స్’ పత్రికను స్వయముగా ప్రారంభించెను. ఫైళ్లమీద ఆయన వ్రాయు నోట్సును ఇట్లే నిర్మొగమాటముగా నుండెడివి కాబోలు! పైవారికి అది రుచింపలేదు. 1879లో ఆయనను సెక్రటరీ పదవినుండి తొలగించి అలహాబాదు రెవెన్యూ బోర్డుకు పంపిరి. 1882లో ఉద్యోగము విరమించెను.

అప్పటికి ఆయన మనస్సంతయు ఒక్క గ్రంథముపైననే. నెల్లూరిలో వైద్యుడుగా నుండి, మన కలివికోడిని శాస్త్రలోకమునకు తెలిపిన జెర్డన్ దొర 1862-64లో భారతీయ పక్షులపై గొప్ప గ్రంథము ప్రకటించెను. దానిని మించిన సమగ్ర గ్రంథమునకై హ్యూము ఏండ్ల తరబడి వ్రాతప్రతులు సిద్ధపరచెను. ఒక శీతకాలము కొండదిగి వెళ్లి, తిరిగివచ్చి చూడగా, ఆ కాగితములను ఒక సేవకుడు బజారులో చిత్తుకాగితముల క్రింద అమ్మివేసియుండెను. సెక్రటేరియట్‌లో ఒక్క ఫైలు కనబడకున్న మనమెంత కలవరపడుదుమో తలచుకొన్నచో ఆయన స్థితి కొంత ఊహింపవచ్చును. ఆ గ్రంథము మరల వ్రాయలేదు.

1885లో తన సంచయమునంతయు బ్రిటిష్ మ్యూజియమునకు ఉచితముగా నిచ్చివేసెను. పక్షిచర్మములు, గ్రుడ్లు కలిసి దాదాపు 82,000. వాటిని సర్దించి తీసికొనిపోవుటకు బౌడ్లర్ షార్ప్ అను శాస్త్రజ్ఞుడు లండను నుండి సిమ్లాకు రావలసివచ్చెను. ఆ సంవత్సరాంతముననే బొంబాయిలో కాంగ్రెసు ప్రథమ సమావేశము జరిగెను. అప్పటికే దివ్యజ్ఞాన సమాజ ప్రభావమున ఆయన శాకాహారియై పక్షివధకు విముఖుడై యుండెను. 1894లో స్వదేశము చేరి, మొక్కల అధ్యయనములో పడి, 1910లో దక్షిణ లండనులో వృక్షశాస్త్ర సంస్థను స్థాపించెను. 1912లో కాలధర్మము నొందెను.

ఆ వేలాది చర్మములలో ఒకటి 1867లో సట్లెజ్ లోయలో ఆయన పట్టిన చిన్న గోధుమవన్నె పిట్ట. ముక్కు కొంచెము పెద్దది. అట్టిది మరియొకటి దొరకనందున, అది వేరు జాతియా కాదా యని పండితులు శతాబ్దమునకు పైగా సందేహించిరి. 2006 మార్చిలో థాయిలాండునందు ఒక పిట్ట వలలో చిక్కెను. పరీక్షించి చూడగా అది హ్యూము పిట్టయే. తరువాత కొలది ఏండ్లకే ఆఫ్ఘనిస్తాను ఈశాన్య పర్వతములలో అది గూళ్లు కట్టు తావును కనుగొనిరి.