కుర్చీ దిగిన తర్వాత: జిడ్డు కృష్ణమూర్తి గారి జీవితం

మన సంఘ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరారు. అందుకు నేను ఎంతో దూరం పోనవసరం లేకపోయింది. మా రాప్తాడు నుండి ధర్మవరం, కదిరి మీదుగా బయలుదేరితే ఒక పూటలో మదనపల్లె చేరవచ్చు. జిడ్డు కృష్ణమూర్తి గారు 1895 మే నెలలో అక్కడే జన్మించారు. అప్పట్లో అది కడప జిల్లాలోని ఊరు.

పింఛనుదారులమైన మనం ఆయన కథను తండ్రి నారాయణయ్య గారితో మొదలుపెట్టడం న్యాయం. ఆయన రెవెన్యూ శాఖ ఉద్యోగి. 1905లో భార్య సంజీవమ్మ గారు కాలం చేశారు. 1907 చివరలో, 52వ ఏట, ఉద్యోగ విరమణ చేయవలసి వచ్చింది. పింఛను నెలకు 112 రూపాయలు, అంటే జీతంలో సగం. ఇంట్లో తల్లి లేని పిల్లలు, వారి చదువులు. ఆయన దివ్యజ్ఞాన సమాజ సభ్యులు కనుక మదరాసు అడయారులో ఏదైనా పని ఇప్పించమని అనీబిసెంటు గారికి రాశారు. మొదట కాదన్నా పట్టు విడువక అడిగి, 1909 జనవరిలో పిల్లలతో అక్కడికి చేరారు. రిటైరయ్యాక కూడా సంసారం కోసం మళ్ళీ ఒక బల్ల ముందు కూర్చున్నవారు మనలోనూ ఉన్నారు. వారికి ఆ తండ్రి మనసు తెలుస్తుంది.

ఆ ఏడాదే అడయారు సముద్రతీరంలో కృష్ణమూర్తిని సమాజ ప్రముఖులు లెడ్ బీటరు చూశారు. మలేరియాతో చిక్కిపోయి, చదువు రాదని బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడాయన. రాబోయే జగద్గురువు ఈ బాలుని ద్వారానే పలుకుతాడని లెడ్ బీటరు నిర్ణయించారు. 1911లో ఆ పేరిట ఒక సంఘమే వెలసింది. కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ ఇంగ్లండుకు తీసుకుపోయారు. కొడుకులను తిరిగి ఇప్పించమని నారాయణయ్య గారు కోర్టుకెక్కారు. 1913లో మదరాసు హైకోర్టులో గెలిచారు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ లో ఓడిపోయారు. నాలుగు మెతుకుల కోసం చేరిన చోటే ఇద్దరు బిడ్డలు చేజారారు.

1925 నవంబరులో నిత్యానంద అమెరికాలో మరణించారు. అన్నగారు అప్పుడు ఓడ ప్రయాణంలో ఉన్నారు. తమ్మునికి ఏమీ కాదని పెద్దలు ఇచ్చిన భరోసాలన్నీ ఆ వార్తతో కూలిపోయాయి. ఆయన కొన్ని రోజులు కుమిలి కుమిలి ఏడ్చారు. ఏ సిద్ధాంతాన్నీ అడ్డం పెట్టుకోక ఆ దుఃఖాన్ని ఉన్నదున్నట్టు చూడడం ఆయనకు అక్కడే అలవడిందని నాకు తోస్తుంది.

1929 ఆగస్టు 3న హాలండు దేశంలోని ఓమెన్ లో, సుమారు 3000 మంది సభ్యుల సమక్షంలో, తాను అధిపతిగా ఉన్న సంఘాన్ని తానే రద్దు చేశారు. సంఘానికి వచ్చిన కోటను, భూములను దాతకు తిరిగి ఇచ్చివేశారు. సత్యానికి ఎవరో వేసిన బాట ఉండదనీ, ఎవరిని వారే తెలుసుకోవాలనీ ఆయన అభిప్రాయం. మా సర్వీసులో 58 ఏళ్ళు నిండితే ప్రభుత్వం కుర్చీ ఖాళీ చేయించేది. ఆయన 34వ ఏట జగద్గురు పీఠం నుండి తానే లేచిపోయారు. ఆ తర్వాత 56 సంవత్సరాలు దేశదేశాలూ తిరిగి మాట్లాడారు గానీ ఒక్క శిష్యుణ్ణీ చేర్చుకోలేదు.

ఆయన దినచర్య మన వయసువారికి పనికివచ్చేది. రోజూ చాలాదూరం నడిచేవారు. 1948 నుండి పూనాలో బి.కె.ఎస్. అయ్యంగారు వద్ద, 70వ ఏట మదరాసులో టి.కె.వి. దేశికాచారి వద్ద ఆసనాలు, ప్రాణాయామం నేర్చుకున్నారు. పెద్ద పేరున్న మనిషి తనకంటే ఎంతో చిన్నవారి ముందు విద్యార్థిగా కూర్చున్నారు. అయినా ఆసనాలు దేహానికి మేలు చేసేవే తప్ప మోక్షానికి మెట్లు కావని ఆయన ఉద్దేశం.

1961లో కొన్ని నెలలపాటు తాను చూసినదీ, మనసులో కదిలినదీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. 1983లో, 87 ఏళ్ళ వయసులో, చేయి వణికి రాయడం కష్టం కాగా కాలిఫోర్నియాలోని ఓహాయిలో ఒంటరిగా కూర్చుని టేప్ రికార్డరులో మాట్లాడుకున్నారు.

ధ్యానానికి మంత్రమూ, నియమిత వేళా ఆయన చెప్పలేదు. ఒకే మాటను పదేపదే జపిస్తే మనసు మొద్దుబారుతుందనేవారు. కోపం, అసూయ, భయం లేచినప్పుడు వాటిని తిట్టకుండా, సమర్థించకుండా గమనించడమే ఆయన దృష్టిలో ధ్యానం. మన గుమాస్తాల భాషలో చెప్పాలంటే, ఫైలును మొదటినుండి చివరిదాకా చదవాలి, నోటు మాత్రం రాయకూడదు. అది ఎంత కష్టమో మనకు తెలుసు. రిటైరై ఏళ్ళు గడిచినా రాని ప్రమోషన్ గురించి, మాట విసిరిన పై అధికారి గురించి మనసులో అర్జీలు రాస్తూనే ఉంటాము. ఇంట్లో కోడలు కాఫీ ఆలస్యం చేస్తే ఆ పాత కోపమే ఆమె మీద పడుతుంది. అది ఎక్కడినుండి వచ్చిందో ఆ క్షణంలో కనబడితే చాలు, సగం చల్లారుతుంది.

మా రాప్తాడులో తెల్లవారుజామున నడిచే పింఛనుదారులం కొందరం ఉన్నాము. కాళ్ళు శెనక్కాయ చేల గట్ల వెంట పోతుంటాయి, నోళ్ళు మాత్రం డి.ఏ. బకాయిల దగ్గరే ఉంటాయి. ఈ మధ్య తిరుగు దారిలో పది నిమిషాలు మాట మానుకుంటున్నాము. అడుగు పడే తీరు, శ్వాస, మబ్బులేని ఆకాశం చూసినప్పుడు కలిగే దిగులు, అన్నీ అప్పుడు తెలుస్తాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు అరుగు మీద కూర్చుని కూడా ఇది చేయవచ్చు.

కృష్ణమూర్తి గారు 1986 జనవరి 4న మదరాసులో చివరి ప్రసంగం చేశారు. ఆ నెలలోనే అమెరికా వెళ్ళి, ఫిబ్రవరి 17న ఓహాయిలో క్యాన్సరుతో కన్నుమూశారు. వయసు 90. తన తర్వాత తన మాటకు భాష్యం చెప్పే వారసులు ఎవరూ ఉండరాదని స్పష్టం చేశారు. మదనపల్లె దగ్గరి ఋషీవ్యాలీ పాఠశాల ఆయన ప్రేరణతో ఏర్పడినదే. ఆయన ప్రసంగాలకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి. సభ్యులు చదివి, వచ్చే సమావేశంలో తమ అనుభవాలు చెప్పగలరని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.