వర్తకవిద్యాదాత జోసెఫ్ వార్టన్

వర్తకము దుకాణమున నేర్వవలసినదే గాని విశ్వవిద్యాలయమునఁ జదువవలసినది గాదని పెద్దలు పలువురు తలంచుచుండిరి. ఆ తలంపును మార్చిన జోసెఫ్ వార్టన్ చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ఈయన 1826 వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, క్వేకరు శాఖకుఁ జెందిన క్రైస్తవకుటుంబమున జనించెను. కళాశాలలోఁ జదువలేదు. 16 వ యేట పొలముపనికిఁ బోయెను. పిదప బట్టల వర్తకుల యొద్ద లెక్కలు వ్రాయుట నభ్యసించెను. తరువాత తుత్తునాగము, నికెలు, ఇనుము పరిశ్రమలందు విశేషధనము గడించెను.

అయినను స్వానుభవ మొక్కటియే చాలునని యాయన తలంపలేదు. కొట్టులోఁ బనిచేసిన జమాఖర్చులు తెలియును. ద్రవ్యము, పన్నులు, పరిశ్రమలు దేశసంపదతో నెట్లు ముడివడియున్నవో తెలియదు. ఈ లోపమును దీర్పనెంచి 1881 లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు లక్ష డాలర్లొసంగి, ఆర్థికవాణిజ్య విద్యాశాలను నెలకొల్పించెను. అమెరికా విశ్వవిద్యాలయములలో నట్టి శాలలకు నదియే మొదటిది.

విదేశవస్తువులపై సుంకము విధించి స్వదేశపరిశ్రమలను గాపాడవలెనను తన సిద్ధాంతమునే యందు బోధింపవలెనని యాయన కోరెను. ధనమిచ్చినవాఁడు విద్యార్థి యాలోచనను శాసింపరాదు గనుక, ఈ యంశమున నాయన ననుసరింపుఁడని మేము చెప్పఁజాలము.

ఆయన 1909 లో పరమపదించెను. ఆ శాల నేఁటికిని లోకప్రసిద్ధమై యున్నది. మన సోదరులు బిడ్డలను కొట్టునఁ గూర్చుండఁబెట్టుటకు ముందు అర్థశాస్త్రమును జదివింతురు గాక; కలిగినవారు నిబంధనలు లేకయే యా చదువునకుఁ దోడ్పడుదురు గాక!