లూయీ బ్రెయిలీ – ఒక తండ్రి ఉత్తరం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకులు కోరారు. గాంధీగారి గురించీ, ప్రకాశం పంతులుగారి గురించీ నాకన్నా బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను లూయీ బ్రెయిలీని ఎంచుకున్నాను. అంధుల లిపి కనిపెట్టినవాడుగా ఆయన పేరు అందరికీ తెలిసిందే. ఆయన్ని బడిదాకా చేర్చిన తల్లిదండ్రుల సంగతి అంతగా తెలియదు.

లూయీ 1809 జనవరి 4న ఫ్రాన్సులో, పారిస్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కూవ్రే గ్రామంలో జన్మించాడు. నలుగురు సంతానంలో ఆఖరివాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకు జీనులు కుట్టేవాడు. తల్లి మోనిక్. మూడేళ్ళ వయసులో తండ్రి కొట్లో ఆడుకుంటూ, తోలుకు చిల్లులు పొడిచే పనిముట్టు తీశాడు. అది జారి కంట్లో గుచ్చుకుంది. చీము పట్టి ఆ కన్ను పోయింది. రెండో కంటికీ సోకి, అయిదేళ్ళు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది.

ఆ రోజుల్లో చూపులేని పేదపిల్లల్లో చాలామందికి భిక్షాటనే గతి. ఈ తల్లిదండ్రులు అందుకు ఒప్పుకోలేదు. తండ్రి చేతికర్ర చేసి ఇచ్చి ఊళ్ళో ఒంటరిగా తిరగడం నేర్పాడు. చెక్కమీద మేకులు అక్షరాల ఆకారంలో కొట్టి వేళ్ళతో తడిమించాడని చెబుతారు. ఊరి బడిపంతులు ఆ పిల్లవాణ్ణి అందరితోపాటు కూర్చోబెట్టుకున్నాడు. చర్చి ఫాదరు పూనిక, జమీందారు సిఫారసు తోడయ్యాయి. 1819 ఫిబ్రవరి 15న, పదేళ్ళ వయసులో, పారిస్‌లోని ప్రభుత్వ అంధబాలుర పాఠశాలలో ఉపకార వేతనంతో సీటు దొరికింది.

ఇక్కడ ఒక సొంత మాట. మా సెక్షన్లో ఒక మిత్రుని కుమారునికి చూపు లేదు. పేరున్న ఒక బడి వారు చేర్చుకోము పొమ్మన్నారు. మూడుసార్లు అర్జీ టైపు చేసింది నేనే. మూడోసారి వేరే బడి వారు చేర్చుకున్నారు. అర్జీ కదలడానికి ఎంతమంది చేతులు కావాలో గుమాస్తాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పారిస్ బడిలో పుస్తకాలు మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసినవి. మోయలేనంత బరువు. చదవడం అతి నిదానం. పైగా పిల్లలు తమంతట తాము రాయడానికి వీలులేదు. బార్బియే అనే సైనికోద్యోగి 12 చుక్కల పద్ధతి ఒకటి తెచ్చాడు. అది వేలికొన కింద ఇమడదు, స్పెల్లింగు చెప్పదు, శబ్దాలనే చెబుతుంది. లూయీ దాన్ని 6 చుక్కలకు కుదించాడు. 1824 నాటికి, 15 ఏళ్ళ ప్రాయంలోనే, లిపి దాదాపు సిద్ధం. 1829లో పుస్తకంగా వెలువరించాడు. అదే బడిలో ఉపాధ్యాయుడయ్యాడు, చర్చిల్లో ఆర్గన్ వాయించేవాడు.

1831లో తండ్రి కాలం చేశాడు. పోయేముందు పాఠశాల డైరెక్టరుకు ఉత్తరం పంపి, తన కొడుకును విడిచిపెట్టవద్దని వేడుకున్నాడు. అప్పటికి కొడుక్కి 22 ఏళ్ళు, ఉద్యోగం ఉంది. అయినా ఆ దిగులు పోలేదు. నా తరువాత వీడికెవరు అన్న దిగులు మనలో కొన్ని ఇళ్ళల్లోనూ ఉంది. సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి నిబంధనలకు లోబడి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే ఏర్పాటు ఉంది. తాము బతికుండగానే పిల్లల పేరు, వైద్య ధృవపత్రం పెన్షన్ కాగితాల్లో చేర్పించనివారు దయచేసి ఈ నెలలోనే ఆ పని చూసుకోండి.

తరువాతి సంగతి విచారకరం. 1840లో కొత్త అధికారి వచ్చి ఆ లిపిని నిషేధించాడు. పిల్లలు చాటుగా రాసుకున్నారు. కొన్నేళ్ళకు నిషేధం సడలింది. క్షయవ్యాధితో లూయీ 1852 జనవరి 6న, 43 ఏళ్ళకే కన్నుమూశాడు. ఆ బడి ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది 1854లో. మన దేశంలో తెలుగుతో సహా భారతీయ భాషలకు కలిపి భారతీ బ్రెయిలీ 1951లో స్థిరపడింది. 2009లో ఆయన ద్విశతజయంతికి మన ప్రభుత్వం ఆయన బొమ్మతో రెండు రూపాయల నాణెం వేసింది. నా దగ్గర ఒకటి ఉంది.

1952లో ఆయన భౌతికకాయాన్ని పారిస్‌లో మహనీయుల సమాధులుండే పాంథియన్‌కు తరలించారు. చేతులను మాత్రం కూవ్రేలోనే ఉంచారు. తండ్రి జీనులు కుట్టిన ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.