తోలు లెక్క తెలిసిన మనిషి: యలవర్తి నాయుడమ్మ

పేరు చూసి ఆవిడ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యలవర్తి నాయుడమ్మ గారు మగమనిషి, తోలు శాస్త్రవేత్త. మెటీరియల్స్, సిమ్యులేషన్ అంటూ మాట్లాడుకునే మనం తెలుసుకోవాల్సిన మనిషి.

1922 సెప్టెంబర్ 10న తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. బనారస్ హిందూ యూనివర్సిటీలో చదివి, మద్రాసులో తోలు పనిలోకి దిగారు. తోళ్లు పదును చేసే పనిని కొన్ని కులాలకే అంటగట్టి, వాళ్లను ఊరి బయట ఉంచిన రోజులవి. ఆయన ఆ పనినే కోరి ఎంచుకున్నారు. అమెరికాలోని లీహై యూనివర్సిటీలో అదే విషయం మీద పీహెచ్‌డీ చేసి తిరిగొచ్చారు.

అసలు తోలులో అంత సైన్స్ ఏముంది? మా వనపర్తి వైపు జాతరల్లో డప్పు కొట్టేముందు మంట దగ్గర కాస్తారు. బిగించి కట్టిన తోలు కాలం గడిచేకొద్దీ, చెమ్మ తగిలేకొద్దీ వదులవుతుంది. వేడికి చెమ్మ పోయి మళ్లీ బిగుస్తుంది. స్ప్రింగ్ లాగి వదిలితే వెనక్కొస్తుంది. నూనెలో పిస్టన్ మెల్లగా కదులుతుంది, వదిలినా వెనక్కి రాదు. తోలుకు ఈ రెండు గుణాలూ ఉన్నాయి, అందుకే దాన్ని విస్కోఎలాస్టిక్ అంటారు. ఒక స్ప్రింగు, ఒక పిస్టన్ వరుసగా కలిపితే మాక్స్‌వెల్ మోడల్. అందులో ఒక రిలాక్సేషన్ టైమ్ గడిచేసరికి మొదటి బిగువులో 37 శాతమే మిగులుతుంది. కోడ్‌లో ఇది ఒక్క లైను. కానీ తోలు ఒక కాంపోజిట్: అల్లుకున్న కొల్లాజెన్ పోగులు, మధ్యలో నీళ్లు, కొవ్వు, పదును పదార్థం. ఒక్క జత సరిపోదు, వేర్వేరు టైమ్‌లున్న జతలు చాలా పెట్టాలి.

పదును మారితే ఆ నంబర్లన్నీ మారతాయి. పచ్చి తోలు సుమారు 60 డిగ్రీల వేడి నీళ్లలోనే ముడుచుకుపోతుంది. క్రోమియంతో పదును చేస్తే 100 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. గద్వాల, నాగర్‌కర్నూల్ గుట్టల మీద పూసే తంగేడు ఉంది కదా, దాని చెక్క కూడా పాత పదును సరుకే. నాయుడమ్మ గారు పరిశోధన చేసింది ఈ పదును రసాయనం మీదే.

1958లో మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. అప్పట్లో మన దేశం సగం పదును చేసిన తోళ్లు అమ్మేది, లాభం బయటి దేశాలకు పోయేది. పూర్తయిన తోలు, చెప్పులు, బూట్లు ఇక్కడే తయారుకావాలని ఆయన పట్టుబట్టారు. 1970ల్లో ప్రభుత్వం సగం పదును తోళ్ల ఎగుమతికి పరిమితులు పెట్టింది. 1971లో సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యాక, సైన్స్ పల్లెకు పనికొస్తుందో లేదో చూద్దామని కరీంనగర్ జిల్లాలో ఒక ప్రాజెక్టు నడిపించారు. 1981లో జేఎన్‌యూ వైస్ ఛాన్సలర్ అయ్యారు.

1985 జూన్ 23న కెనడా నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి ఐర్లాండ్ దగ్గర సముద్రంలో కూలింది. చనిపోయిన 329 మందిలో ఆయన ఒకరు.

నాకు ఆయన దగ్గర నచ్చింది ఒకటే. తోలును ల్యాబ్‌లో చూసినా, దాన్ని పదును చేసే చేతుల్ని మరవలేదు. మన ల్యాప్‌టాప్‌లో మోడల్ రన్ అవుతుంది, కానీ అందులో పెట్టే నంబర్లు ఆ చేతులకే ముందు తెలుసు. డప్పు కట్టే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మన కాలేజీలో ఉంటే వచ్చే సంచికకు రాయండి: ఏ తోలు, ఎంత నానబెడతారు, ఎంత ఎండబెడతారు, ఎంత బిగిస్తారు. నేను కోడ్ రాస్తాను. పేర్లు ఇద్దరివీ వేసుకుందాం, మీది ముందు.