బోస్టన్‌లో తొలి దినం

1922వ సంవత్సరం అక్టోబరు 26వ తేదీన ఒక తెలుగు యువకుడు అమెరికాలోని బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. వయస్సు ఇరవై ఏడు సంవత్సరాలు. చేతిలో నూరు డాలర్లు. నాటి మారకం ప్రకారం సుమారు మూడున్నర వందల రూపాయలు. చదువుకు నిదర్శనంగా మద్రాసు వైద్య కళాశాల వారి ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

తరువాతి కాలంలో ఆయన కనిపెట్టిన ఔషధాలను గురించి మన పిల్లలు పాఠాలలో చదువుకుంటూనే ఉన్నారు. ఆ ఒక్క దినానికి వెనుకనున్న దూరం మాత్రం పాఠాలలో కనబడదు.

ఆ దూరం భీమవరంలో మొదలైంది. 1895 జనవరి 12న సుబ్బారావుగారు అక్కడ జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి; అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం విరమించుకొన్నారు. సంసారభారమంతా తల్లి వెంకమ్మగారి మీద పడింది. బాల్యంలో ఈయన కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదింపదలచి ఇల్లు విడిచి బయలుదేరగా, ఆ తల్లియే వెనుకకు తెప్పించి మరల బడిలో కూర్చుండబెట్టింది. మెట్రిక్యులేషన్ మూడవసారికి గాని గట్టెక్కలేదు. ఒకమారు తప్పినంతనే తలవంచుకొని కళాశాల వెనుక గోడ వెంబడి నడచిపోయే విద్యార్థులను చూచినపుడెల్ల నాకు ఈ సంగతి జ్ఞప్తికి వస్తుంది; వారిని పిలిచి చెబుతూ ఉంటాను కూడ.

యౌవనంలో ఆయన మనస్సు సన్న్యాసం వైపు మరలింది. రామకృష్ణ మఠంలో చేరదలచారు. తల్లి ససేమిరా అన్నది. వైద్యం నేర్చి రోగులకు సేవ చేయటమూ ఒక మార్గమేనని నిశ్చయించుకొని మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు సాయపడ్డారు. 1919లో వారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడారు. అవి గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కారానికి పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ తొడిగి వెళ్ళారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది కంటగింపైంది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకక, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు.

ఇంతలో ఇంటి మీద పిడుగు పడింది. ‘స్ప్రూ’ అనే వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆహారం ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది, మనిషి రోజురోజుకు కృశించిపోతాడు. నాటి వైద్యానికి దాని మూలం తెలియదు. ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయాలన్న పట్టుదలతో హార్వర్డు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకొన్నారు. ప్రయాణపు ఖర్చుకు మామగారి సాయంతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఆదుకొన్నది. మూడేండ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి ఓడ ఎక్కారు.

ఇక ఆ తొలి దినం. అక్టోబరు చివర అంటే బోస్టన్‌లో ఆకురాలు కాలం. గోదావరి తీరపు మనిషికి ఆ గాలియే కొత్త శత్రువు. లాంగ్‌వుడ్ వీథిలో హార్వర్డు వైద్య విద్యాలయం తెల్లని చలువరాతి సౌధాలతో నిలిచి ఉన్నది. దాని చెంతనే పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి. ఉష్ణమండల వైద్య విభాగానికి రిచర్డ్ స్ట్రాంగ్ అధిపతి. మంచూరియాలో ప్లేగు మహమ్మారితో పోరాడిన అనుభవజ్ఞుడు. విద్యాలయంలో ప్రవేశం ఉన్నది, విద్యార్థివేతనం లేదు. గది అద్దె, భోజనం, పుస్తకాలు, చలికి తగిన దుస్తులు - అన్నీ ఆ నూరు డాలర్లలోనే. ఎన్ని విధాల లెక్క వేసినా అది కొన్ని వారాలకు మించని సొమ్ము.

ఉర్దూలో స్వదేశాన్ని విడిచినవానిని ‘గరీబుల్ వతన్’ అంటారు. అరబ్బీలో ‘గరీబ్’ అంటే పరదేశి, అపరిచితుడు. మన దేశానికి వచ్చేసరికి ఆ మాటకు పేదవాడనే అర్థం స్థిరపడింది. ఆనాడు బోస్టన్‌లో నిలిచిన సుబ్బారావుగారికి ఆ మాట రెండర్థాలూ సరిగా సరిపోయాయి.

మద్రాసులో తొడిగిన ఖద్దరు అంగీ వెల అక్కడనే తెలిసివచ్చింది. ఎల్.ఎం.ఎస్. పట్టంతో ఆసుపత్రిలో వైద్యునిగా శిక్షణ పొందే అవకాశం లేకపోయింది. ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపనికి కుదిరారు. రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచటం ఆ పనిలో భాగం. రోగిని పరీక్షింపదగినవాడు రోగి పాత్ర కడగటం చిన్నతనమని మనలో పలువురు తలుస్తారు. ఆయన అలా తలచినట్లు లేదు. పగలు తరగతి, రాత్రి ఆసుపత్రి; అలాగే డిప్లొమా పూర్తి చేశారు.

తరువాతి కథ సుపరిచితమే. జీవరసాయనశాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్‌తో కలసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ ఇద్దరి పేర్లతో అది ప్రయోగశాలలలో నిలిచింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ 1927లోను, ఏ.టి.పి. 1929లోను వెలుగులోకి వచ్చాయి. 1930లో పిహెచ్.డి. లభించింది. హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రం లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు మారారు.

అక్కడ 1945లో ఆయన పరిశోధక బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను పొట్టన పెట్టుకొన్న స్ప్రూకు అదే మందయింది! అయితే అప్పటికి వారు గతించి రెండు దశాబ్దాలు దాటింది. ఆ బృందంలోనే రూపొందిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తపు క్యాన్సరుకు చికిత్స చేశారు. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అక్కడనే పుట్టింది. డి.ఇ.సి. అన్న పేరుతో ఆ మందునే మన జిల్లాలలో ఇంటింటికీ తిరిగి పంచిపెట్టారు. దానిని మ్రింగిన గోదావరి ప్రాంతపు వారిలో ఎందరికి అది తమ భీమవరం బిడ్డ చలువ అని తెలుసునో!

శేషగిరిగారికిచ్చిన మూడేండ్ల మాట మాత్రం చెల్లలేదు. ఆయన వెళ్ళిన పిమ్మట పుట్టిన కుమారుడు ఏడాది నిండకుండానే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. మొదట ధనం లేక, తరువాత పరిశోధన విడువలేక తిరుగు ప్రయాణం వాయిదా పడుతూనే వచ్చింది. భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు 1946లో కలిగింది. ఆయన దానిని తీసుకొనలేదు. 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు యాభై మూడు సంవత్సరాలు. బోస్టన్‌లో అడుగుపెట్టిన ఆ అక్టోబరు దినం నుండి ఇరవై ఆరు సంవత్సరాలు కావస్తుండగా, ఒక్కసారి కూడ ఆయన మరల స్వదేశాన్ని చూడలేదు.