నీలం రంగు ఆలస్యంగా వచ్చింది

గవర్నర్‌పేటలో ఏ మందుల షాపుకెళ్లినా ఫోలిక్ యాసిడ్ మాత్రలు దొరుకుతాయి. ఆ మందు వెనకున్న తెలుగాయన యల్లాప్రగడ సుబ్బారావు. పేరు మనందరం విన్నదే. కానీ ఎం.టెక్ సీఎస్‌ఈలో రీసెర్చ్ మెథడాలజీ పేపర్ చదువుతున్నవాళ్లు ఆయన జీవితాన్ని ఇంకోసారి చూడాలి. మన సిలబస్‌లో ఉన్నదంతా ఆయన చేతుల్లో జరిగింది.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. సొంత అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. ఆ జబ్బొస్తే తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పేపర్ వేశారు. అందులో మందూ లేదు, సిద్ధాంతమూ లేదు. ఉన్నది ఒక కొలత: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో తేల్చే పద్ధతి. శాంపిల్‌లో మాలిబ్డేట్, మరికొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ.

అదే పద్ధతిని కండరం మీద వాడితే నీలం రంగు రావాల్సిన వేగంతో రాలేదు, మెల్లమెల్లగా వచ్చింది. మన దగ్గర ఇలాంటిది జరిగితే ఏమనిపిస్తుంది? అవుట్‌లయర్ అని ఆ వరస తీసేసి, గ్రాఫ్ గీసి, గైడ్‌కి పంపేయాలనిపిస్తుంది. వాళ్లు అలా వదిలేయలేదు. పద్ధతి తమదే, రంగు ఎంతసేపట్లో రావాలో తమకు బాగా తెలుసు. కాబట్టి తేడా కండరంలోనే ఉండాలని వెతికారు. యాసిడ్‌లో మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని వదిలే పదార్థం దొరికింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. దాదాపు అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులూ విడిగా దాన్ని పట్టుకున్నారు. 1929లో ఏటీపీ విషయంలోనూ అంతే. జర్మనీలో లోమాన్, ఇక్కడ వీళ్లు, ఎవరి దారిలో వాళ్లు అక్కడికే చేరారు. వేరే ల్యాబ్‌లో వేరేవాళ్లు చేసినా అదే ఫలితం రావడాన్నే మనం రీప్రొడ్యూసిబిలిటీ అని నోట్సులో రాసుకుంటాం.

1930లో పీహెచ్‌డీ వచ్చింది, హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన టీమ్ 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అది మందుగా పనికొచ్చింది. మన కోస్తా జిల్లాలకు బాగా తెలిసిన బోదకాలు జబ్బుకి వాడే హెట్రజాన్ కూడా ఆ ల్యాబ్‌దే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

రిజల్ట్స్ టేబుల్‌లో ఒక అంకె తేడాగా వస్తే అది మన కోడ్‌లో బగ్గా, డేటాలో నిజమా అన్నది చెప్పగలగాలి. డౌన్‌లోడ్ చేసిన కోడ్‌ని అలాగే రన్ చేసినవాళ్లు అది చెప్పలేరు. బేస్‌లైన్‌ని తమ చేత్తో కట్టి, అది ఎక్కడ ఎంత తప్పుతుందో ముందే కొలిచి పెట్టుకున్నవాళ్లు చెప్పగలరు. థీసిస్ మొదటి సెమిస్టర్ ఆ పనికే పోయినా నష్టం లేదు.